కోత మానిన తరువాత

ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో వేరే దేనికో స్కానింగ్ తీయిస్తే, కాలేయంలో గడ్డ ఉందని రిపోర్టు వస్తుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఎక్కువగా కనిపించేది హిమాంజియోమా. అది రక్తనాళాల గడ్డ, క్యాన్సర్ కాదు. చాలామందికి కత్తి పెట్టాల్సిన పనే ఉండదు. అడినోమా అనే ఇంకో రకం గడ్డ సంగతి వేరు. అది 5 సెంటీమీటర్లు దాటినా, మగవాళ్లలో కనిపించినా డాక్టర్లు సాధారణంగా తీసేయమంటారు.

తీయించుకున్నవాళ్ల తరువాతి బతుకు గురించే ఈ సంచిక. ఆపరేషన్‌కు మనవాళ్లు తిరుపతికో వేలూరుకో పోతారు. కోలుకునేది మాత్రం ఇంట్లోనే. మిగిలిన కాలేయం వారాలు, నెలల్లో మళ్లీ పెరుగుతుంది. ఒంట్లో సత్తువ అంత తొందరగా రాదు. పక్కటెముకల కింద కోత లాగుతుంటుంది, దగ్గొస్తే దిండు అదిమిపట్టుకోవాలి, నెలా నెలన్నర దాకా నీళ్ల బిందె ఎత్తకూడదు. జమ్మలమడుగు పల్లెల్లో ఆ బిందె ఇంకెవరు ఎత్తుతారు? ఆపరేషన్ అయింది ఇంటి ఆడమనిషికైతే, డిశ్చార్జి రోజు డాక్టరు చెప్పే జాగ్రత్తలు ఆమె ఒక్కదానికే కాదు, మొగుడికీ అత్తకూ చెవిన పడాలి. వైద్యంలో సగం అదేనని మా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి. నొప్పి పోతుందని ఆపరేషన్ చేయించుకున్న కొందరికి గడ్డ పోయినా నొప్పి పోదు. అది కడుపులో పుండుదో పిత్తాశయంలో రాళ్లదో అయి ఉండొచ్చు. సంతకం పెట్టే ముందే “ఈ నొప్పి ఈ గడ్డదేనా సార్?” అని అడగండి. అడినోమా ఉన్న ఆడవాళ్లు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ మాట డాక్టరు దగ్గర దాచొద్దు. మాత్రలు ఆపితేనే కొన్ని గడ్డలు చిన్నవవుతాయి.