చాకిరీకి చాలిన అరబ్బీ ఫిర్యాదుకు చాలదు

సౌదీ కార్మిక చట్టంలో తొమ్మిదో అధికరణం చాలా చిన్నది. యజమానికీ పనివాడికీ మధ్య ఒప్పందం అరబ్బీలో ఉండాలని, పక్కన మరో భాషలో రాసుకున్నా తేడా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుందని దాని సారాంశం. కువైట్ 2010లో తెచ్చిన ప్రైవేటు రంగ కార్మిక చట్టమూ ఇదే చెబుతుంది. అందుకే గల్ఫ్ అగ్రిమెంటు తరచూ రెండు వరసల్లో ఉంటుంది: కుడివైపు అరబ్బీ, ఎడమవైపు ఇంగ్లిష్. జగిత్యాల నుంచో రాయచోటి నుంచో వచ్చిన మనిషి ఎడమవైపు వరసను ఏజెంటు చేత చదివించుకుని కింద సంతకం పెడతాడు. రేపు పేచీ వస్తే కోర్టు చూసేది కుడివైపు వరసను. పోనీ, జీతం అంకె ఒక్కటైనా సరిచూసుకుందామా అంటే అదీ కుదరదు. అరబ్బీ అంకెల్లో అయిదు అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఏమో ఒట్టి చుక్క. 1500 అని రాస్తే మన కంటికి ఆనేది ఒక నిలువు గీత, ఒక సున్నా, రెండు చుక్కలు.

ఇలాంటి కాగితాల మీద సంతకాలు పడే ఊళ్లలో పెద్దది హైదరాబాద్. ట్రేడ్ టెస్టు, మెడికల్, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం, చివరికి శంషాబాద్ విమానం, అన్నీ ఇక్కడే. విచిత్రం ఏమిటంటే, అరబ్బీకి ఈ ఊరు కొత్తదేం కాదు. ఉస్మానియా ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ 1888 నుంచి అరుదైన అరబ్బీ రాతప్రతులను వెతికి, పరిష్కరించి అచ్చు వేస్తోంది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’, అల్ రాజీ వైద్య విజ్ఞాన సర్వస్వం ‘అల్ హావీ’ 1950ల నుంచి సంపుటాలుగా వెలువడింది ఇక్కడి నుంచే. అరబ్ దేశాల పండితులు సైతం హైదరాబాద్ ముద్రణ అని చెప్పి ఉదాహరించే పుస్తకాలవి. ఇస్లామిక విద్యాలయం జామియా నిజామియా ఉంది. ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉర్దూ విశ్వవిద్యాలయం, మూడింటిలోనూ అరబ్బీ శాఖలున్నాయి. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఆ కొలువులో జమాదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ సంతానమే హద్రమౌత్‌కు తిరిగివెళ్లి 1967 దాకా అక్కడ సుల్తానులుగా ఏలారు. హైదరాబాద్ జీతంతో అరబ్ దేశంలో రాజ్యం కట్టారన్నమాట. ఇప్పుడు జీతాలు ఎటు నుంచి ఎటు వస్తున్నాయో చెప్పనక్కర్లేదు.

ఇంత అరబ్బీ ఉన్న ఊరి మీదుగా విమానం ఎక్కేవాడికి ఆ భాషలో ‘నాలుగు నెలలుగా జీతం ఇవ్వలేదు’ అన్న ఒక్క వాక్యం రాదు. నేర్పేవాళ్లు లేక కాదు. మన లెక్కలో అరబ్బీ అంటే అయితే మతం, కాకపోతే పాండిత్యం. కూలి భాషగా, పొరుగింటి భాషగా దాన్ని నేర్చుకోవచ్చన్న ఆలోచన విశ్వవిద్యాలయానికీ రాలేదు, ప్రభుత్వానికీ రాలేదు.

‘దుబాయ్‌లో అరబ్బీతో పనేముందండీ, ఇంగ్లిష్ చాలు, హిందీ వస్తే ఇంకా మేలు’ అని అక్కడ ఉద్యోగం చేసి వచ్చిన ఇంజినీర్లు అంటుంటారు. అబద్ధమేమీ కాదు. వాళ్లకు నిజంగానే పనిలేదు. ఆఫీసు ఇంగ్లిష్‌లో నడుస్తుంది, బజారు హిందీ, మలయాళాల్లో నడుస్తుంది. కానీ కువైట్‌లో ఒకరింట్లో వంట చేసే రాజంపేట మహిళకు అరబ్బీతో పని ఉంది. ఆ ఇంటి కారు నడిపే కోనసీమ డ్రైవరుకు ఉంది. ఎడారిలో గొర్రెల వెంటో, ఒంటెల వెంటో ఒంటరిగా తిరిగే కామారెడ్డి మనిషికి అందరికంటే ఎక్కువ ఉంది. ఆ ఇంటి ముసలమ్మకు ఇంగ్లిష్ రాదు, గొర్రెల యజమానికి హిందీ రాదు. లోకంలో మామూలుగా పెద్ద ఉద్యోగానికే ఎక్కువ భాషలు కావాలి. గల్ఫ్‌లో మాత్రం ఉద్యోగం ఎంత చిన్నదైతే అరబ్బీ అవసరం అంత పెద్దది. మన దగ్గర చదువు ఏర్పాటు దీనికి సరిగ్గా తలకిందులు: అరబ్బీ బీఏకు ఉంది, ఎంఏకు ఉంది, పీహెచ్‌డీకి ఉంది. పది తప్పి, ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో వెళ్లేవాడికి లేదు. మలయాళంలో బెన్యామిన్ 2008లో రాసిన ‘ఆడుజీవితం’ నవలలో గొర్రెల కాపరి పడే బాధ సగం ఎండదీ యజమానిదీ అయితే, మిగతా సగం తాను చెప్పేది ఎవరికీ అర్థం కాకపోవడమే.

వెళ్లినవాళ్లు ఏదో ఒకటి మాట్లాడకుండా ఉండరు కదా అంటారు. మాట్లాడతారు. ఆ మాట్లాడే తీరును కాస్త దగ్గరగా చూడాలి. భాషావేత్తలు దానికి గల్ఫ్ పిడ్జిన్ అని పేరు పెట్టారు. ‘అనా మాఫీ మాలూమ్’ అంటే నాకు తెలియదు. ‘ఫీ ముష్కిల్’ అంటే గొడవ ఉంది. ఉందంటే ‘ఫీ’, లేదంటే ‘మాఫీ’, ఈ రెండింటితో సగం సంసారం నడిచిపోతుంది. మధ్యలో సీదా, సేమ్ సేమ్ వంటి హిందీ, ఇంగ్లిష్ ముక్కలు. ‘రూహ్’ అంటే వెళ్లు. నేను వెళ్లాను, వాడు వెళ్తాడు, వాళ్లు వెళ్లారు, వీటికి కూడా చాలాసార్లు ఆ ‘రూహ్’ ఒక్కటే. క్రియకు పురుష లేదు, కాలం లేదు. దీన్ని చూసి నవ్వడం అన్యాయం. బెంగాలీ, నేపాలీ, తెలుగు, సింహళం మాట్లాడేవాళ్లంతా బడి లేకుండా, గురువు లేకుండా కలిసి కట్టుకున్న భాష అది. కానీ ఆ క్రియల్లో చాలా ఆజ్ఞార్థకంలోనే ఎందుకు గడ్డకట్టుకుపోయాయి? పనివాడి చెవిన పడేవి చాలావరకు ఆజ్ఞలే కాబట్టి అనుకుంటాను. రా, పో, తే, కడుగు. ఆ భాషలో పని చేయించుకోవచ్చు. పోలీసుస్టేషన్‌లో నిలబడి ‘నిన్న రాత్రి కొట్టాడు, అంతకుముందు నెల పాస్‌పోర్టు లాక్కున్నాడు, మొన్న జీతం అడిగితే రేపిస్తానన్నాడు’ అని వరస తప్పకుండా చెప్పడానికి ఆ భాష సరిపోదు. ఫిర్యాదుకు భూతకాలం కావాలి. ఎవరు, ఎవరిని, ఎప్పుడు అన్నది తేలాలి. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) వెళ్లి పనివాడు పారిపోయాడని కేసు పెడితే, అతను చెప్పేది మంచి అరబ్బీ. మనవాడు బదులు చెప్పేది ‘మాఫీ’.

ఫోన్‌లో అనువాదం యాప్ ఉందిగా అనే మాట ఈమధ్య ప్రతిచోటా వినిపిస్తోంది. మెనూ కార్డుకు, దుకాణం బోర్డుకు అది పనికొస్తుంది. వేగంగా మాట్లాడే మాండలికం దగ్గర తడబడుతుంది. పైగా ఇంటిపనికి వెళ్లినవాళ్ల విషయంలో పేచీ మొదలవగానే ముందు పోయేది ఫోనే.

గల్ఫ్ సంగతి పక్కనపెట్టి ఊళ్లోకి వద్దాం. టోలీచౌకి పారమౌంట్ కాలనీలో ఒక సాయంత్రం నడిస్తే సూడాన్, యెమెన్, సోమాలియా వాళ్లు ఎదురవుతారు. చదువుకు వచ్చినవాళ్లు, వైద్యానికి వచ్చినవాళ్లు, యుద్ధాల వల్ల వెనక్కి వెళ్లలేక ఉండిపోయినవాళ్లు. మందుల దుకాణంలో కౌంటరు దగ్గర చూడండి: పెద్దాయన చేత్తో కడుపు చూపిస్తాడు, కుర్రాడు యాంటాసిడ్ తీస్తాడు, పెద్దాయన తల అడ్డంగా ఊపి ఇంకాస్త పక్కకు చూపిస్తాడు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో దుబాసీలు ఉంటారు, నిజమే. కానీ వాళ్ల పని అడ్మిషన్ నుంచి డిశ్చార్జి దాకానే. ఇల్లు అద్దెకిచ్చిన యజమానురాలికీ, ఆటో అతనికీ, రాత్రిపూట జ్వరం చూసే నర్సుకూ అరబ్బీలో ఓ యాభై మాటలు, పది వాక్యాలు వస్తే ఆ కాలనీలో బతుకు వేరుగా ఉంటుంది. మండీ బిర్యానీ పళ్లెం చుట్టూ కూర్చోవడం ఈ నగరానికి చాలా త్వరగా అలవాటైంది. పక్కింటాయన్ను ఒంట్లో ఎలా ఉందని అడగడం ఇంకా అలవాటు కాలేదు.

సరే, నేర్చుకుందామని కూర్చుంటే మొదటి చిక్కు: ఏ అరబ్బీ? పుస్తకాల అరబ్బీని ఫుస్‌హా అంటారు. ఖురాన్‌కు దగ్గరి భాష అది. పత్రికలకు, వార్తలకు, కోర్టు కాగితాలకు దాని ఆధునిక రూపం వాడతారు. ఇంట్లో దాన్ని ఎవరూ మాట్లాడరు. ‘ఏం కావాలి?’ అనడానికి పుస్తకంలో ‘మాదా తురీద్’. రియాద్‌లో ‘వేష్ తబీ’. కైరోలో ‘ఆయిజ్ ఏ’. మనకిది అర్థంకాని సంగతేమీ కాదు. గ్రాంథికానికీ వాడుకకూ మధ్య ఇలాంటి అగాధాన్నే పూడ్చాలని గిడుగు రామమూర్తి జీవితమంతా కొట్లాడారు. తెలుగులో ఆయన గెలిచారు. అరబ్బులు ఆ అగాధాన్ని అలాగే ఉంచుకున్నారు. ఇరవై రెండు సభ్యదేశాల అరబ్ లీగ్‌కు ఉమ్మడిగా ఉన్నది ఆ రాత భాషే కనుక, వదులుకుంటే వాళ్లకు నష్టమే. నేర్చుకునేవాడు మాత్రం గిడుగు నుంచి ఇంకో పాఠం తీసుకోవాలి. పర్లాకిమిడిలో ఉన్నప్పుడు పొరుగున ఉన్న సవరల భాషను ఆయన దాన్ని మాట్లాడేవాళ్ల నోటి నుంచే నేర్చుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు తర్వాత వచ్చాయి.

కాబట్టి నా మాట ఇది: మాట గల్ఫ్‌ది, చదువు ఫుస్‌హాది, రెండూ మొదటి రోజు నుంచే పక్కపక్కన నడవాలి. ఏడాదంతా వ్యాకరణం బట్టీపట్టించి తర్వాత మాట్లాడమంటే ఎవరూ మాట్లాడరు. వట్టి సంభాషణలు చిలకపలుకులుగా నేర్పితే అగ్రిమెంటు కుడివైపు వరస ఎప్పటికీ చిక్కదు. అక్షరాలు ఇరవై ఎనిమిదే. మాటలో ఉన్న చోటును బట్టి రూపం మారుతుందన్నదే భయపెడుతుంది తప్ప, రోజూ గంట కూర్చుంటే కొన్ని వారాల్లో చేతికొస్తాయి. అంకెలు ఒక్క పూట పని. అసలు కష్టం ఆ తర్వాత: పత్రికల్లో, కాగితాల్లో హ్రస్వాచ్చులు రాయరు. మాట తెలిసినవాడే సరిగా చదవగలడు. అందుకే మాట ముందుండాలి.

ఇక్కడ తెలుగువాడికి దక్కిన ఒక లాభాన్ని ఇంగ్లిష్‌లో రాసిన పాఠ్యపుస్తకాలు గుర్తించవు. కతబ, కాతబ, కత్తబ. రాశాడు, ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు, రాయించాడు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాడు ఈ మూడింటినీ విడదీసి పలకడానికి నానాపాట్లు పడతాడు. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకు పలక మీద నేర్చినవే. ఇబ్బంది గొంతు లోపలి నుంచి వచ్చే శబ్దాల దగ్గర. ‘ఐన్’ అనే అక్షరానికి, రెండు రకాల ‘హ’లకు తెలుగు లిపిలో చోటు లేదు. బస్టాండు పుస్తకాల కొట్లలో దొరికే ‘ముప్పై రోజుల్లో’ రకం పుస్తకాలు వాటన్నిటినీ ‘అ’, ‘హ’ చేసి పారేస్తాయి. ఇంకో ఇబ్బంది, మధ్యమ పురుషలో లింగభేదం. యజమానురాలు పనిమనిషిని ‘తఆలీ’ అని పిలుస్తుంది, ఇలా రా అని. వినీ వినీ ఆమె అదే మాట ఇంటి పెద్దాయనతో అంటే ఆయన్ను ఆడమనిషిని పిలిచినట్టవుతుంది. ‘తఆల్’ అనాలి. ఇలాంటివి పుస్తకం చెప్పదు, మనిషి చెప్పాలి. తెలుగులో వకీలు, హక్కు, రద్దు, వసూలు అన్నీ అరబ్బీ నుంచి వచ్చినవేనని జాబితాలు చెప్పి మురిసిపోవడం సభల్లో బాగుంటుంది. వాటితో భాష రాదు.

మతం సంగతి కూడా దాటవేయకూడదు. అరబ్బీ నేర్చుకుంటున్నానంటే ఇంట్లో వింతగా చూసే హిందూ కుటుంబాలు ఉన్నాయి. మరోవైపు, చిన్నప్పుడే నాజిరా (చూసి చదివే పారాయణ) పూర్తిచేసి ఖురాన్‌ను అక్షరం తప్పకుండా చదివే వేలమంది హైదరాబాదీ ముస్లింలకు ఆ భాషలో మంచినీళ్లు అడగడం రాదు. పారాయణకు అర్థం తెలియనక్కర్లేదు కాబట్టి అది వాళ్ల లోపం కాదు. లిపి, ఉచ్చారణ అనే సగం దూరం నడిచిన ఆ పిల్లల కోసం మిగతా సగం బాట ఎవరూ వేయలేదు. అరబ్బీ ఒక్క మతం వాళ్ల సొత్తూ కాదు: 1920ల్లోనే ఖురాన్‌ను తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు ముస్లిం కాదు. కేరళలో ప్రభుత్వ బడుల్లో దశాబ్దాలుగా అరబ్బీ ఐచ్ఛిక భాష. అక్కడ ఒక నంబూద్రి మహిళ 1980ల్లో అరబ్బీ టీచరుగా చేరితే మొదట వ్యతిరేకత వచ్చింది, తర్వాత ఆమె అదే ఉద్యోగంలో పదవీ విరమణ దాకా కొనసాగారు. మలయాళీలు గల్ఫ్‌లో మనకంటే ఒక మెట్టు పైన ఉండటానికి కారణాలు అనేకం. బడిలో అరబ్బీ అక్షరం కంటపడటం వాటిలో ఒకటని నా నమ్మకం.

కేంద్రం 2018 నుంచి గల్ఫ్ వెళ్లేవారికి ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తోంది. ఉన్నది ఒక్క రోజు. అందులోనే చట్టాలు, ఆచారాలు, బీమా, అన్నీ. భాషకు ఎన్ని నిమిషాలు మిగులుతాయో ఊహించుకోవచ్చు. దాన్ని ఆరు వారాల సాయంకాలపు తరగతిగా మార్చి హైదరాబాద్‌తోపాటు జగిత్యాల, రాజంపేట, నర్సాపురంలో పెట్టడానికి తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఏపీఎన్‌ఆర్‌టీ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. గురువులూ ఉన్నారు, కాకపోతే రెండు ముక్కలుగా. అరబ్బీ ఎంఏ చేసిన కుర్రాడు ఏ కాగితాన్నైనా చదువుతాడు, కువైట్ వంటింట్లో వినిపించే భాష అతనికి అంతుపట్టదు. పాతికేళ్లు ఆ వంటింట్లో గడిపి వచ్చిన అమ్మ ఆ యాసలో గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. ఇద్దర్నీ ఒకే తరగతిలో కూర్చోబెట్టాలి. కుర్రాడికి జీతం ఇవ్వడానికి ఏ శాఖకూ అభ్యంతరం ఉండదు, చేతిలో డిగ్రీ ఉంది. ఆమెకు ఇవ్వాలంటే ముందు నియామక నిబంధనల్లో విద్యార్హత అనే గడి దగ్గర ఏం రాయాలో ఎవరో ఒక అధికారి తేల్చాలి.