పండ్రెండణాల యప్పు

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వీచిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చినది. కాట్రేనికోన చెంతనున్న బలుసుతిప్ప మొదలగు జాలరి గ్రామముల దుఃఖమును వర్ణింపబోము. మరుసటియేట పునర్నిర్మాణమునకై ప్రపంచ బ్యాంకు ఋణము వచ్చెను. ఆ సొమ్మువలన మేలేమియు కలుగలేదని మేమనము. మా తగవు వడ్డీతోడనే.

ఆ బ్యాంకు శాఖయగు అంతర్జాతీయాభివృద్ధి సంఘము పేద దేశములనుండి పుచ్చుకొను రుసుము నూటికి 12 అణాలు. ఢిల్లీ ప్రభువు లా దినములలో విదేశ ఋణమును 30 పాళ్లు గ్రాంటుగను, 70 పాళ్లు అప్పుగను రాష్ట్రములకిచ్చి, ఆ యప్పుపై 12 రూపాయలకు మించిన వడ్డీ గుంజిరి. అణాలు దారిలో రూపాయలైనవి! డాలరు వెల పెరిగిన నష్టము తామే మోసితిమని వారందురు. నిజమే. కాని 2005 ఏప్రిలు మొదలు వచ్చు ఋణములందు ఆ బరువును రాష్ట్రముల నెత్తికే యెత్తిరి గదా! నాడు 44 రూపాయలున్న డాలరు నేడు 80 దాటినది. కొబ్బరికాయ లమ్ముకొనువాడు డాలరు మొగమెరుగునా?

ఇకమీదట ఋణపత్రమును తెలుగున అచ్చొత్తించి, వడ్డీయు గడువును తేటపరచి, శాసనసభలో చర్చించిన పిమ్మటనే సంతకము చేయవలెనని మేము కోరుచున్నాము. ముందుగా బలుసుతిప్పలో చదివి వినిపింపుడు.