చిప్పు ఎంత స్పీడుల నడవాలె? గది పక్కింటి రేడియో ముచ్చట గూడ

ఊర్లల్ల ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన పిల్లలు చేను తేమ చూసే మీటర్లు, ట్యాంకు నిండితె మోగే అలారాలు సొంతంగ చేస్తున్నరు. మంచిదే. కని చిప్పు క్లాక్ ఎంత పెట్టినవ్ తమ్మీ అంటె అందరిదీ ఒక్కటే జవాబు: 16 మెగాహెర్ట్జ్. ఎందుకంటె బోర్డు మీద గదే వచ్చింది. పదినిమిషాలకోసారి తేమ చూసేటందుకు సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులా?

క్లాకు కొట్టే ప్రతి చిప్పు చిన్న రేడియో స్టేషన్ లెక్కనే. దానికి తగిలించిన వైరే యాంటెనా అయితది. పైంగ ఒక్క ఫ్రీక్వెన్సీతోని ఊకోదు, దాని రెట్ల మీద గూడ మోగుతది. 16కు ఆరు రెట్లు 96, అంటె ఎఫ్ఎం నడిమిట్ల. ఏడు రెట్లు 112, గది విమానాలకు దారి చూపే బ్యాండు.

గందుకే దేశదేశాన రూల్స్ ఉన్నయి. అమెరికాల ఎఫ్‌సీసీ పార్ట్ 15 ప్రకారం సెకనుకు 9,000 పల్సులు దాటితె అది లెక్కల పడ్డట్టే. కని చిన్నోళ్లకు ఒక దారి ఇడిసిన్రు. పరికరంల పుట్టే, వాడే ఫ్రీక్వెన్సీలన్నీ 1.705 మెగాహెర్ట్జ్ కంటె తక్కువుండి, ఇంటి కరెంటుతోని సంబంధం లేకపోతె సాంకేతిక పరీక్షల నుంచి మినహాయింపు. చార్జింగ్ పెట్టి నడిపే వీలున్నా మినహాయింపు పోతది. ల్యాబు ఫీజు పెద్ద కంపెనీకి చిల్లర, ఊరి పిలగానికి ఏడాది కష్టం. గందుకే ఈ గీత నాకు నచ్చింది. మన దగ్గర గూడ ఏది చెయ్యొచ్చు, దేనికి పర్మిషన్ కావాలె అన్నది గిట్లనే ఒక్క పేజీల, తెలుగుల రాసి ప్రతి ఐటీఐ గోడకు అంటియ్యాలె.

ఇండ్ల ఒక మెలిక ఉంది. ఏటీమెగా328పీ చిప్పు కొత్తగ వచ్చినప్పుడు 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తది, మనం గీత లోపలనే ఉన్నమనుకుంటం. కని లోపల పుట్టేది 8, దాన్ని ఎనిమిదితోని భాగించి వాడుతది. రూలు “పుట్టే” ఫ్రీక్వెన్సీని గూడ చూస్తది. అదే చిప్పుల 128 కిలోహెర్ట్జ్ క్లాక్ వేరేగ ఉంది. తేమ మీటరుకు గది ధారాళంగ సాలు, బ్యాటరీ గూడ ఎక్కువొస్తది. ఇగ వైఫై, లోరా మాడ్యూల్ పెట్టినవంటె ఈ లెక్కంతా పక్కకు పోతది. ఇక్కడ వాటికి డబ్ల్యూపీసీ టైప్ అప్రూవల్ ఉన్న మాడ్యూలే కొనుర్రి.

మినహాయింపు దొరికినంత మాత్రాన చప్పుడు ఆగదు. 1 మెగాహెర్ట్జ్ అంటె సక్కగ మన మీడియం వేవ్ లోపలనే, ఆకాశవాణి దాపున. అమెరికాల గూడ ఎవరి రేడియోకైన అడ్డమొస్తె మినహాయింపు ఉన్న పరికరాన్ని సుత బందు పెట్టుమంటరు. ఇంట్ల పాత ఏఎం రేడియో ఉంటె బోర్డు పక్కన పెట్టి, ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుర్రి. ఏడ గుయ్యిమంటదో ఇనుర్రి, బోర్డుకు కరెంటు తీసి మళ్ల ఇనుర్రి. రేడియో ఎంత దూరం జరిపితె ఆ మోత పోతదో అడుగులల్ల రాసుకోర్రి.