ఫ్యాన్ బిగించిన చేతికి ఎంత?

ఎండలు ముదిరే కొద్దీ మా వద్దకు వచ్చే మసాయిల్ స్వరూపం మారుతుంది. కూలర్, ఇన్వర్టర్, ఫ్యాన్ వంటివి కొనడం గురించి అడిగేవారి కంటే, వాటిని బిగించిన మనిషితో వచ్చిన పేచీ గురించి అడిగేవారే ఎక్కువగా ఉంటారు. ఈసారి ఒక సోదరి వ్రాసిన లేఖను తీసుకుంటున్నాము. సారాంశం ఇది.

వారి ఇంట్లో మూడు సీలింగ్ ఫ్యాన్లు పెట్టించారు. భర్త ఫోనులో మిస్త్రీని "ఎంత తీసుకుంటావు?" అని అడిగారు. "మనవాళ్లే కదా భాయి, పని చూసి ఇవ్వండి" అన్నాడతడు. రెండు గదుల్లో పాత ఫ్యాన్లు దించి కొత్తవి తగిలించాడు. మూడవ గదిలో హుక్కే లేదు. స్లాబుకు డ్రిల్లింగ్ చేసి హుక్కు వేసి, స్విచ్‌బోర్డు నుండి కొత్త తీగ లాగాడు. చివరకు 1,500 రూపాయలు అడిగాడు. ఇంటివారు అనుకున్నది 600. భర్త పనిలో ఉన్నారు, ఇంట్లో ఆమె ఒక్కతే. మాటా మాటా పెరిగి, 800 చేతిలో పెడితే అతడు లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. అతడు అదే మొహల్లా మనిషి, మస్జిద్‌లో ఆమె భర్తతో ఒకే సఫ్‌లో నిలబడేవాడు. "మౌలానా, ఆ ఫ్యాన్ కింద పడుకుంటే గాలి తగులుతోంది గానీ నిద్ర పట్టడం లేదు. మా మీద అతని హక్కు ఏమైనా మిగిలి ఉందా?" అని ఆ సోదరి అడిగారు.

ఉండవచ్చు. ముందుగా తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇక్కడ తప్పు 1,500 వద్ద గాని, 800 వద్ద గాని మొదలు కాలేదు. "చూసి ఇవ్వండి" అన్న మాట వద్ద మొదలైంది. కూలి నిర్ణయించకుండా పనిలో పెట్టుకోవడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించారు. కూలి ఎంతో తెలియని ఇజారాను మన హనఫీ ఫుఖహాలు ఫాసిద్‌గా, అంటే లోపభూయిష్టమైన ఒప్పందంగా పరిగణించారు. అయితే పని జరిగిపోయినప్పుడు దానిని ఉచితమని ఎవరూ అనలేదు. అటువంటి చోట ఉజ్రతె మిస్ల్ చెల్లించాలి. అటువంటి పనికి ఆ ఊరిలో సాధారణంగా ఎంత ఇస్తారో, అంత. పనివాడు నోటికి వచ్చినంత కాదు, ఇంటివారు మనసులో అనుకున్నంతా కాదు.

కనుక ఆ సోదరి భర్త చేయవలసిన పని కష్టమైనది కాదు. ఊరిలో ఈ పని తెలిసిన ఇద్దరు ముగ్గురిని విచారించాలి. విచారించేటప్పుడు "మూడు ఫ్యాన్లకు ఎంత?" అని అడిగితే ప్రయోజనం లేదు. రెండు మార్పిళ్లు, ఒక కొత్త హుక్కు, ఇంత పొడవు తీగ అని విడమరచి చెప్పాలి. వారు చెప్పిన మొత్తం 1,100 అయిందనుకుందాం. అప్పుడు 300 రూపాయలు వీరి మీద అప్పు. దానిని దానంగా భావించి ఇవ్వకూడదు, అది అతని సొమ్ము. ఒకవేళ 800 తీసుకునేటప్పుడు అతడు మనస్ఫూర్తిగా "సరే, చాలు" అని ఉంటే అది సులహ్, వ్యవహారం అక్కడితో ముగిసింది. కాని లెక్కపెట్టకుండా జేబులో వేసుకుని వెళ్లడాన్ని మేము అంగీకారంగా భావించలేము. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వని వానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఆ హెచ్చరికను చదివినవాడు 300 రూపాయల కోసం సందేహంలో నిద్రపోలేడు. ఆ సోదరికి నిద్ర పట్టకపోవడం ఈమాన్ లక్షణమే.

కొందరు మరొక మాట అంటారు: "ఊళ్లో అందరికీ తెలిసిన రేటే కదా, ప్రత్యేకంగా మాట్లాడుకోవడం దేనికి?" నిజమే, ఉర్ఫ్‌కు షరీఅత్‌లో గౌరవం ఉంది. క్షౌరానికి కూర్చునేటప్పుడు ఎవరూ బేరమాడరు, ధర తెలిసినదే కాబట్టి. ఫ్యాన్ సంగతి అటువంటిది కాదు. హుక్కు, తీగ, స్విచ్ అన్నీ సిద్ధంగా ఉన్న గదిలో అది అరగంట పని. అవేవీ లేని గదిలో సగం పూట పడుతుంది. పెంకుటింట్లో దూలానికి బిగింపు వేయాలి. సీలింగ్ ఎత్తుగా ఉంటే పొడవైన రాడ్డు కావాలి, పెద్ద నిచ్చెన కావాలి, పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. పేరు ఒకటే, పనులు నాలుగు రకాలు. అందుకే ఇక్కడ ఉర్ఫ్ మనల్ని ఆదుకోదు. మిస్త్రీని ముందు గదులు చూడమనండి. హుక్కుకు ఎంత, తీగ లాగడానికి ఎంత, రెగ్యులేటర్ మార్చడానికి ఎంత, సామాను ఎవరిది అని నోటితో అనిపించండి. ఫోనులో కుదిర్చింది భర్త, డబ్బు చేతికి ఇవ్వవలసింది భార్య అయినప్పుడు, కుదిరిన అంకె ఆమెకు కూడా తెలియాలి. మా వద్దకు వచ్చే పేచీలలో అనేకం ఈ ఒక్క లోపం వల్ల పుట్టినవే.

మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) కొలువు కుదిరిన వృత్తాంతం సూరా ఖసస్‌లో ఉంది. ఆ వృద్ధుడు ఎనిమిది సంవత్సరాలు అన్నారు, పది పూర్తి చేస్తే అది నీ ఔదార్యం అన్నారు, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని కూడా అన్నారు. మూసా (అలైహిస్సలాం) దానికి అంగీకరించి, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. విధిగా చేయవలసింది ఎంత, ఐచ్ఛికం ఎంత అన్నది పనికి ముందే తేలిపోయింది. కాబోయే మామా అల్లుళ్ల మధ్యనే అంత స్పష్టత ఉన్నప్పుడు, "మనవాళ్లే కదా" అన్న మాట చాటున మనం దాక్కోవడం ఏమిటి?

మరొక సంగతి మమ్మల్ని బాధిస్తుంది. దుకాణంలో డబ్బా మీద అచ్చువేసిన ధరను మారుమాట లేకుండా చెల్లిస్తాము. నిచ్చెనెక్కి, మెడ వెనక్కి వంచి, కళ్లలో సిమెంటు పొడి పడుతుండగా పని చేసినవాని దగ్గర మాత్రం 50 రూపాయలకు గీచి గీచి బేరమాడతాము. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త ఆదేశాన్ని గోడ మీద వ్రేలాడదీసిన ఇంట్లోనే "రేపు రా బేటా, చిల్లర లేదు" అనడం మేము విన్నాము.

ఇక పనివారి వైపు. ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఎందరో యువకులు ఈ వృత్తితోనే ఇల్లు నడుపుతున్నారు కనుక వారికీ ఒక మాట చెప్పాలి. ఇంటి యజమాని "తీగ, స్విచ్, ఫ్యాన్ నువ్వే తెచ్చిపెట్టు" అన్నప్పుడు మీరు అతని వకీలు. దుకాణదారుడు తగ్గించిన ధర యజమానికే చెందుతుంది. బిల్లులో ఒక అంకె వ్రాయించి, తేడా మీ జేబులో వేసుకుంటే అది అమానత్‌లో ఖియానత్. తిరిగినందుకు కూలి కావాలంటే బహిరంగంగా అడగండి, అది మీ హక్కు.

ఫ్యాన్ జారిపడి పగిలితే ఎవరి నష్టం? ఇది కూడా తరచుగా వచ్చే ప్రశ్నే. ఇమామ్ మర్గీనానీ (రహ్) హిదాయలో ఇజారా అధ్యాయం బోధించేటప్పుడు చాకలి బట్టను ఉతుకుతూ చింపడం, మోసేవాడు కాలుజారి బరువు పడవేయడం వంటి ఉదాహరణలు వస్తాయి. నిచ్చెన మీది మిస్త్రీ వారి కోవలోనివాడే. ఫ్యాన్‌కు ఇంత అని పని మొత్తంగా ఒప్పుకున్నవాడు తన చేతి వల్ల పాడైనదానికి బాధ్యుడు. రోజు కూలికి పిలిచినవాడైతే, ఉద్దేశపూర్వకంగా గాని నిర్లక్ష్యంగా గాని చేయనంతవరకు బాధ్యుడు కాడు. అంతేకాదు, రోజు కూలికి పిలిచి ఆ రోజంతా మీరే పని చెప్పకపోయినా, అతడు హాజరై ఉన్నందుకు కూలి ఇవ్వవలసిందే. అందుచేత ఏ పద్ధతిన పిలుస్తున్నారో మొదటే తేల్చుకోండి. పేద పనివాడు ఫ్యాన్ వెల ఎలా తెస్తాడని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. హక్కు ఉండటం వేరు, వసూలు చేయడం వేరు. మన్నించే ద్వారం యజమానికి ఎల్లవేళలా తెరిచే ఉంది.

ఫ్యాన్ ఎంపిక గురించి క్లుప్తంగా. పాత తరహా ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, కొత్త బీఎల్‌డీసీ రకం 30 వాట్ల వరకు. రోజుకు పన్నెండు గంటల లెక్కన నెలకు ఒకటి 27 యూనిట్లు, మరొకటి 11 యూనిట్లు కాలుస్తుంది. 2023 జనవరి నుండి ఫ్యాన్లపై నక్షత్రాల ముద్ర తప్పనిసరి చేశారు, చూసి కొనండి. మస్జిద్‌కు ఫ్యాన్ వక్ఫ్ చేసి రెక్కల మీద పేరు వ్రాయించేవారికి కూడా ఇదే విన్నపం. తిరిగే రెక్క మీద పేరు ఎలాగూ కనిపించదు. నెలనెలా బిల్లు కమిటీకి కనిపిస్తుంది. బిగింపు కూలి కూడా మీరే ఇస్తే దానం సంపూర్ణమవుతుంది.

బిగించేటప్పుడు మెయిన్ ఆపకుండా పని చేయనివ్వకండి. హుక్కును పట్టే బోల్టుకు పిన్ను వేశాడో లేదో అడగండి. ఫాల్స్ సీలింగ్ పలకకు ఫ్యాన్ తగిలించమని ఎవరు చెప్పినా వినకండి, బరువు స్లాబు మీదనే నిలవాలి.

చివరిగా, దించిన పాత ఫ్యాన్లు. వాటి మోటారులో రాగి ఉంటుంది, పాత సామాను కొనేవాడు దానికి వెల కడతాడు. అవి ఇంటివారివే, మిస్త్రీ సంచిలో వేసుకుని వెళ్లడానికి వీలులేదు. పాత ఫ్యాన్‌ను కూలిలో భాగంగా ఇవ్వదలిస్తే, "ఇంత డబ్బు, ఆ ఫ్యాన్" అని పని మొదలుకాక ముందే చూపించి చెప్పాలి. ముందు చెప్పకుండా చివరన అంటగట్టి కూలి తగ్గించడం కుదరదు. కానుకగా ఇవ్వాలనుకుంటే కూలి మొత్తం ముట్టజెప్పిన తరువాత ఇవ్వండి. వల్లాహు అఅలమ్.