గడపలోని అంగడి



గడచిన మాసమున సూర్యాపేటలో మా వదినెగారి యింట పది దినములుంటిని. ఆ పది దినములలో వారి గడపకు పదునాలుగు పార్సెళ్లు వచ్చినవి. ఏమియు తోచక లెక్కించితిని. పిల్లవాని బూట్లు, మిక్సీగిన్నె మూత, తలనూనె, రెండు పుస్తకములు, ఇంకను ఏవేవో. వానిలో ఒకటి చీర. ఈ నెల ఈ పుటను నాచేత వ్రాయించుచున్నది ఆ చీరయే.

ఫోను తెరపై దాని పేరు పోచంపల్లి పట్టు. వెల పదునెనిమిది వందలు. బొమ్మ కన్నులపండువుగా నుండెను. వదినెగారు పొట్లము విప్పి మడత తిరుగవేసి చూడగా పైవైపు రంగులు నిండుగాను, లోవైపు పాలిపోయియు నుండినవి. అది మరమగ్గపు గుడ్డపై ఒత్తిన అచ్చు. పోచంపల్లి నేతలో పోగులను మగ్గమెక్కింపక మునుపే కట్లు కట్టి రంగులో ముంచుదురు. రంగు పోగునంతటిని పట్టును గనుక బొమ్మ రెండు వైపుల నొక్కతీరుగ నుండును. పువ్వు అంచు కత్తితో కోసినట్లుండక ఈకవలె కొంచెము చెదరి కనబడును. ఇది మా వదినెగారికి తెలియని సంగతి కాదు. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు విడిపోవువరకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, పోచంపల్లి అన్నియు ఒక్క నల్లగొండ జిల్లాలోనివే గదా! కాని వర్తకుడు లోవైపు బొమ్మను తెరపై పెట్టలేదు. చేతితో తాకి చూచు భాగ్యము లేదు. నేతవారి ఊరు బస్సెక్కినచో పూటలో చేరదగినంత దూరము. చీర మాత్రము ఎక్కడో దూరదేశపు పట్టణమునుండి వచ్చినది.

చూడక కొనుట మనకు క్రొత్త కాదు. వి.పి. పోష్టు మన దేశమున 1877నుండియు కలదు. సరుకు అందిన పిమ్మట తపాలావానికి రొక్కమిచ్చుట అప్పటినుండియు ఎరిగినదే. నేడు దానినే క్యాష్ ఆన్ డెలివరీ యనుచున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిరి. ఆ వ్యాపారమున గడించిన ధనమే 1908లో వారు స్థాపించిన ఆంధ్రపత్రికకు ఆధారమైనది. 1928లో గృహలక్ష్మి మాసపత్రికను నెలకొల్పిన డాక్టరు కె.ఎన్. కేసరిగారు లోధ్ర యను స్త్రీల యౌషధమును చేసి యమ్మిన వైద్యులే. అందొక భేదమున్నది. ఆనాడు సరుకు చేసినవాడే అమ్మువాడు. పేరు చెడిన వాని యిల్లే చెడును. నేటి తెరమీది అంగడివాడో, తాను సంత నడుపువాడనేగాని సరుకు తనది కాదనును. ఆ సంతలో వేలకొలది వర్తకులు. వారి ముఖము మన మెరుగము.

అయినను ఈ సంతను ఊరక నిందింపజాలను. 2007లో బెంగుళూరున ఫ్లిప్‌కార్ట్ పుస్తకముల అంగడిగా ఆరంభమైనప్పుడు దాని మొదటి పుస్తకము పోయినది మహానగరమునకు కాదు, మన మహబూబ్‌నగరుననున్న యొక పాఠకునకు! ఊరిలో దొరకని వస్తువు కొరకే చిన్న పట్టణములవారు మొదట ఆ గుమ్మము తొక్కిరి. మా వదినెగారి కుమార్తె పోటీ పరీక్షల పుస్తకములకు ఇప్పుడు హైదరాబాదు కోఠీకి పోవలసిన పని లేదు. ఆడుపిల్లను ఒంటరిగా పంపుట ఎట్లని యింట జరుగు వాదములును తగ్గినవి.

ఏ పరిశ్రమ ఆన్‌లైన్ అమ్మకములచే బ్రతుకును, ఏది బ్రతుకదు? నాకు తోచినంతవరకు తక్కెడయే చెప్పును. బరువు ఎంత తక్కువయై వెల యెంత హెచ్చైన సరుకు అంత సులభముగ ప్రయాణము చేయును. రైలు టిక్కెట్టుకు బరువే లేదు. 2002లో ఆరంభమైన ఆ పద్ధతిచే నేడు రిజర్వేషను టిక్కెట్లలో హెచ్చుభాగము ఇండ్లలోనే కొనబడుచున్నవి. రైలు లేని సూర్యాపేటవారు సహితము మిర్యాలగూడలోనో ఖమ్మములోనో బండి యెక్కుటకు ఇంట కూర్చుండియే టిక్కెట్టు తీయుచున్నారు. తరువాత ఫోనులు, బట్టలు, పుస్తకములు, పూతలు.

ఇక మిర్యాలగూడ బియ్యము చూడుడు. 1967లో నాగార్జునసాగరు నీరు కాలువలకు వదలబడిన పిమ్మట ఎడమకాలువ క్రింద వరి పండి, ఆ పట్టణమున మిల్లులు వరుసలుగా వెలసినవి. ఇంత పెద్ద పరిశ్రమకు ఫోను తెరతో నేటికిని బంధుత్వము స్వల్పమే. కిలో బియ్యపు వెలకును కిలో మోయుకూలికిని పొంతన కుదరదు. లారీలెక్కి పోవు బియ్యమునకు గడపగడపకు పోవు సంచి లెక్కలోనిది కాదు. 2022 జులై 18నుండి ఇరువదియైదు కిలోలవరకు కట్టి ముద్రవేసిన బియ్యముపై నూటికి అయిదు పన్ను పడగానే, మిల్లువారు ఇరువదియారు కిలోల సంచులు కుట్టించిరి! ఒక్క కిలో హెచ్చించి పన్ను దాటినారు. ఆ సంచిని మేడమీదికి మోయు మనుష్యుని నడుమునకు ఆ యుపాయము తెలియదు.

బియ్యమునకు సాగనిది పచ్చడికి సాగునని కోదాడలోని మా చెల్లెలి కోడలు నమ్మినది. హైదరాబాదు–విజయవాడ రాచబాటమీది ఊరు, రాత్రియు పగలును బండ్లు. గోంగూర పచ్చడి అరకిలో సీసా రెండువందల యేబది రూపాయలని తెరపై పెట్టినది. నెల గడచినంతనే కంటనీరు పెట్టుకొని లెక్కలపుస్తకము నా ముందుంచినది. ఆకు, నూనె, కారము నూటపది, సీసాయు అట్టపెట్టెయు ముప్పదియైదు, మోయుకూలి డెబ్బది, సంతవాని కమీషను ముప్పది. మిగిలినవి అయిదు రూపాయలు. అందులో ఆమె రెక్కల కష్టమునకు పైసా లేదు. దారిలో నూనె కారి తిరిగివచ్చిన సీసాలు రెండు. వాని మోయుకూలి ఆమెయే భరించినది.

నేను చెప్పిన దొక్కటే. అరకిలో మానుము, రెండు కిలోల లెక్కన అమ్ముము. బరువు నాలుగింతలైనను మోయుకూలి నాలుగింతలు కాదు. ఎరిగిన యిండ్లకు ఫోనులోనే బేరము కుదుర్చుకొన్నచో కమీషను సహితము మిగులును. ఆహార భద్రతాశాఖవారి నమోదు మాత్రము తప్పనిసరి. ఇదివరకు సంతవారి ద్వారా అమ్ము ప్రతివారును జీఎస్టీ నమోదు చేసికొనవలసి యుండెను. 2023 అక్టోబరు 1నుండి తమ రాష్ట్రములోపలనే సరుకులమ్ము చిన్న వర్తకులకు ఆ బాధ తొలగినది. పొరుగు రాష్ట్రమునకు సంత ద్వారా పంపవలెనన్న నమోదు కావలయును. కోదాడ సరిహద్దు ఊరు గనుక ఈ మాట ముఖ్యము. సరిహద్దు అవతలి జగ్గయ్యపేటకు పంపినను అది పొరుగు రాష్ట్రమే.

వదినెగారి చీర సంగతి చెప్పవలసి యున్నది. మొదట "పోనీ, పదునెనిమిది వందలే గదా" అనిరి. ఈ "పోనీ" మాటతోనే మోసగాని మూలధనము పెరుగుచున్నదని నాకు కోపము వచ్చినది. 2020 జులైలో వెలువడిన నియమముల ప్రకారము, చెప్పినట్లుగా లేని సరుకును వర్తకుడు వెనుకకు తీసికొననని అనరాదు. సంతవారు ఫిర్యాదు అందినదని నలుబదియెనిమిది గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. వినరా, 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అటుపైన మనమున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషనులో వ్యాజ్యము వేయవచ్చును. వర్తకుని ఊరికి పోనక్కరలేదు. పోచంపల్లి ఇక్కత్తునకు భౌగోళిక గుర్తింపు ముద్ర ఏనాడో వచ్చినది. దాని పొరుగుననున్న పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చినది. అచ్చుగుడ్డపై ఆ పేరు వేయుట కొన్నవారికే కాదు, నేసినవారికిని ద్రోహము.

చీర రెండు వైపుల ఛాయలు తీసి, తెరపై వేసిన పేరును గూడ బొమ్మగా పట్టి పంపితిమి. తొమ్మిదవ దినమున రొక్కము తిరిగి వచ్చినది. పిమ్మట వదినెగారు ఎరిగినవారి ద్వారా పోచంపల్లిలో ఒక నేతవారింటికి ఫోను చేసి, లోవైపు చూపుడని యడిగిరి. ఆ యింటి యిల్లాలు నవ్వి, మగ్గముమీదనే యున్న చీరను క్రిందినుండి చూపినది. వెల పదునొకండు వేలు. ఇంకను పండ్రెండు దినముల నేత మిగిలియున్నదట. వదినెగారు ఇంకను ఆలోచించుచున్నారు.