రాజీనామా కాదు, తొలగింపే

వ్యాపారం తగ్గింది, సంస్థను కుదిస్తున్నామన్న మాట ఇప్పుడు పెద్ద ఐటీ కంపెనీలకే పరిమితం కాలేదు. ఇరవై ముప్పై మందితో నడిచే ప్రెస్సుల్లో, వర్క్‌షాపుల్లో, చిన్న కార్యాలయాల్లో కూడా అదే వినబడుతోంది. పెద్ద కంపెనీ వెయ్యి మందిని తీసేస్తే పత్రికల్లో వస్తుంది. చిన్న సంస్థ నలుగురిని తీసేస్తే ఆ నాలుగు ఇళ్లకే తెలుస్తుంది.

చిన్న సంస్థల్లో ఇది తరచుగా ఒకే తీరున జరుగుతుంది. యజమాని గదిలోకి పిలిచి, "రాజీనామా రాసివ్వండి, సర్టిఫికెట్‌లో మంచిగా రాస్తాం" అంటారు. మనిషి మొహమాటానికో, భయానికో సంతకం పెడతాడు. ఆ ఒక్క సంతకంతో తొలగింపు కాస్తా స్వచ్ఛంద రాజీనామాగా మారిపోతుంది. రాజీనామా చేసినవారికి చట్టం తొలగింపు పరిహారం ఇవ్వదు.

2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. కర్మాగారాలు, గనులు, తోటల్లో ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగులను తగ్గించుకోగల పరిమితి 100 మంది నుండి 300కు చేరింది. దీన్నిబట్టి చిన్న సంస్థలకు ఏ బాధ్యతా లేదని కొందరు యజమానులు అనుకుంటున్నారు. అది పొరపాటు. ఏడాది నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి తగ్గించాలంటే, సంస్థ ఎంత చిన్నదైనా కారణం చూపుతూ నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ, దానికి బదులుగా నెల జీతం గానీ ఇవ్వాలి. ప్రతి సంవత్సరం సర్వీసుకు 15 రోజుల జీతం పరిహారంగా చెల్లించాలి. పునర్నైపుణ్య నిధి కింద మరో 15 రోజుల జీతం ఇవ్వాలి. సాధారణంగా చివర చేరినవారిని ముందు తీయాలి. ఏడాదిలోగా మళ్లీ మనుషులను తీసుకుంటే తీసేసినవారికి మొదట అవకాశం ఇవ్వాలి. రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది.

అయితే మేనేజర్లకు, నెలకు 18,000 రూపాయలు మించి తీసుకునే సూపర్‌వైజర్లకు ఈ కోడ్‌లోని తొలగింపు రక్షణ వర్తించదు. వారికి నియామక పత్రంలోని షరతులే ముఖ్యం.

లెక్క చూద్దాం. ప్రెస్సులో ఏడేళ్లు మెషిన్ నడిపిన వ్యక్తి జీతం 24,000 రూపాయలు అనుకుందాం. నోటీసు జీతం 24,000, పరిహారం సుమారు 84,000, నైపుణ్య నిధి 12,000. మొత్తం 1,20,000 రూపాయలు. తొందరపడి రాసిన రాజీనామా ఖరీదు ఇది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ వేరుగా వస్తుంది. రాజీనామా చేసినా ఆ హక్కు పోదు.

కాబట్టి పిలిచిన రోజునే సంతకం పెట్టకండి. "ఇంట్లో మాట్లాడి చెబుతాను" అనడం తప్పు కాదు. తొలగింపు ఉత్తర్వు రాతపూర్వకంగా అడగండి. నియామక పత్రం, జీతపు చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు వివరాలు దగ్గర పెట్టుకోండి. బలవంతంగా రాయించుకుంటే వెంటనే ఆ విషయం రాసి పంపండి. రెండేళ్ల గడువు దాటకముందే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి.

యజమానులైన మన సోదర సోదరీలకూ ఒక మాట. వ్యాపారం నిజంగా దెబ్బతినవచ్చు, మనుషులను తగ్గించక తప్పకపోవచ్చు. చట్టం దాన్ని నిషేధించలేదు. ఎలా పంపాలో మాత్రమే చెప్పింది. కూలివాని జీతం ఆలస్యం చేయకూడదని మోషే ధర్మశాస్త్రం ఎంతో ముందే శాసించింది. ఆదివారం ఒకే మందిరంలో కూర్చునే ఇద్దరిలో ఒకరు సోమవారం మరొకరి చేత బలవంతపు రాజీనామా రాయిస్తే, దాన్ని వ్యాపార నిర్ణయమని సరిపెట్టుకోలేం. సంఘం నడిపే బడులకూ, ఆసుపత్రులకూ ఇదే కొలత.

ఉద్యోగం పోయినవారికి ప్రార్థనతో పాటు తోడు కావాలి. చట్టం తెలిసిన న్యాయవాదులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు మన సంఘాల్లో ఉన్నారు. సంతకానికి ముందే వారిలో ఒకరు ఆ కాగితం చదివి పెడితే, ఒక కుటుంబానికి కొన్ని నెలల అన్నం నిలుస్తుంది.