పిల్లలు వేసే బంతులు ఎవరు లెక్కపెడుతున్నారు?

సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు వచ్చాయంటే మన ఉట్నూర్ చుట్టుపక్కల క్రికెట్ జోరు మొదలవుతుంది. పిల్లలు ఆడాలి, చెమట పట్టాలి. అందులో రెండో మాట లేదు. కాని జట్టులో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడు ఒకడు వేగంగా బంతి వేయగలిగితే భారమంతా వాడి మీదే వేస్తారు. ఎవరెన్ని పరుగులు తీశారో అందరికీ గుర్తుంటుంది. ఆ పిల్లవాడు రోజంతా ఎన్ని బంతులు వేశాడో ఎవరూ చెప్పలేరు. ఆ లెక్క ఉంచడం పెద్దల బాధ్యత అని నా అభిప్రాయం.

వేగంగా పరుగెత్తి వచ్చి బంతి విసిరేటప్పుడు ముందు కాలు నేలను బలంగా తాకుతుంది. శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం కాలి మీదుగా నడుముకు చేరుతుంది. అదే క్షణంలో నడుము వెనక్కి వంగి, మెలి తిరుగుతుంది. ఎదిగే వయసులో వెన్నెముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. విశ్రాంతి లేకుండా ఇదే పని చేస్తే నడుము ఎముకలో సన్నని పగులు వస్తుంది. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. 2019లో బుమ్రాను ఆటకు దూరం చేసింది ఇలాంటి పగులే. 2023లో ఆయన నడుముకు ఆపరేషన్ కూడా జరిగింది. ఆయన వెంట డాక్టర్లు, ఫిజియోలు ఉన్నారు. మన పిల్లల వెంట ఎవరున్నారు?

ఇతర దేశాలవారు ఈ విషయంలో ముందే మేల్కొన్నారు. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ 2007 నుంచి బంతులు లెక్కపెడుతోంది. అక్కడ 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 బంతులకు మించి విసరకూడదు. 66 లేదా అంతకు మించి విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. క్రికెట్‌లో ఇంగ్లండ్ బోర్డు ఎన్నో ఏళ్లు అమలు చేసిన కొలత ఇది: 13 ఏళ్లలోపు ఫాస్ట్ బౌలర్లు ఒక విడతకు 5 ఓవర్లు, రోజుకు 10, 15 ఏళ్లలోపు వారు విడతకు 6, రోజుకు 12.

"మ్యాచ్‌లో రెండు మూడు ఓవర్లే కదా" అంటారు. నిజమే. కాని రోజుకు మూడు మ్యాచ్‌లు, పొద్దున ప్రాక్టీసు, మరునాడు మళ్లీ అదే వరస. అన్నీ కలిపి చూడాలి. "టెన్నిస్ బంతి తేలికే కదా" అని కూడా అంటారు. బంతి తేలికైనా నడుము మెలిక తేలిక కాదు. "మావాడు చేనులో పనిచేసేవాడు, గట్టివాడు" అంటారు. కండ గట్టిదైనా ఎముక ఎదగడానికి దాని కాలం దానికి పడుతుంది.

ఖర్చు లేని పని ఒకటుంది. స్కోరు పుస్తకంలో ప్రతి బంతీ ఎలాగూ రాస్తారు. పోటీ పెట్టేవారు పదహారేళ్లలోపు బౌలర్ల పేరుకు ఎదురుగా ఆ రోజు మొత్తం ఓవర్లు వేయాలి. పరిమితి దాటితే కెప్టెన్ అడిగినా బంతి ఇవ్వకూడదు. ఒకే రోజు రెండు జట్లకు ఆడనివ్వకూడదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు ప్రాక్టీసు బంతులు కూడా లెక్కలో కలపాలి.

తల్లిదండ్రులారా, బౌలింగ్ చేసేటప్పుడో, వెనక్కి వంగినప్పుడో నడుములో ఒకవైపు నొప్పి అని పిల్లవాడు చెబితే "పట్టేసిందిలే" అని కొట్టిపారేయకండి. నొప్పి మాత్ర మింగించి మైదానానికి పంపకండి. ఆట ఆపించి డాక్టరుకు చూపించండి. మొదట్లో ఈ పగులు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే ఎక్స్‌రే బాగుందని చెప్పినా నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. తొందరగా గుర్తిస్తే కొన్ని నెలల విశ్రాంతితో చాలామందికి నయమవుతుంది. ఒక కప్పు పోతే వచ్చే ఏడు మళ్లీ గెలవవచ్చు. పిల్లవాడి నడుము మాత్రం జీవితాంతం పనికి రావాలి.